స్టేషన్ మూట

పింఛను ఆఫీసు మూడో అంతస్తులో ఉంది. మోకాళ్ళు అరిగిన ముసలివాళ్ళ కోసం పెట్టిన ఆఫీసుని మూడో అంతస్తుకి ఎక్కించాలన్న ఆలోచన ఏ మహానుభావుడికి వచ్చిందోగానీ, వాడికో నమస్కారం. మెట్ల మలుపుల్లో జనం ఉమ్మిన మరకలు, వాటిమీద సున్నం, ఆ సున్నంమీద మళ్ళీ ఉమ్ములు. ఇస్త్రీ అత్త ఆ మెట్లు ఎక్కడం అది ఏడోసారి. ప్రతి మలుపులోనూ ఆగేది, ముక్కు మూసుకునేది, "ఛీ, ఇదీ ఒక ఆఫీసేనా" అనుకుని మళ్ళీ ఎక్కేది. ఆవిడ యాభై ఏళ్ళపాటు ఊరి మురికి ఉతికి, గంజి పెట్టి, ఇస్త్రీ చేసిన మనిషి. అందుకే పెద్దా చిన్నా అందరికీ ఇస్త్రీ అత్తే. మురికిని చూసి ముఖం తిప్పుకునే అలవాటు ఆవిడకి లేదు, ఆ మెట్ల దగ్గర తప్ప.

ఎనభై రెండేళ్ళ వయసులో ఆవిడ ఆ మెట్లు ఎక్కుతున్నది ఒకే ఒక్క గది కోసం. మేనల్లుడి ఇంట్లో ఉంటోంది. మేనల్లుడు చెడ్డవాడు కాడు, అతని భార్యా చెడ్డది కాదు. ఇల్లే చిన్నది. వంటగదికీ స్నానాలగదికీ మధ్య ఉన్న నడవలో అత్త మంచం. పొద్దున లేస్తే బకెట్లు పట్టుకుని అందరూ ఆవిడ కాళ్ళమీదుగా దాటి వెళ్ళాల్సిందే. చీర మార్చుకోవాలంటే ఇంట్లో వాళ్ళందరూ ముఖాలు తిప్పుకోవాలి. వెనక వీధిలో ఒక గది ఖాళీగా ఉంది, చిన్న కిటికీ, తలుపుకి లోపల గడియ. ఇంటావిడ మంచిది కాబట్టి నెలాఖరుదాకా ఎవరికీ ఇవ్వకుండా ఆపి ఉంచింది. పింఛను వస్తే ఆ గది అత్తది. రాకపోతే నడవే గతి, చచ్చేదాకా.

పింఛను స్వాతంత్ర్య సమరయోధులకి. అత్త సమరయోధురాలే. ఆ సంగతి తెలిసిన వాళ్ళందరూ చచ్చిపోయారు, అదీ చిక్కు. జైలుకి వెళ్ళారా అని గుమాస్తా మొదటిసారే అడిగాడు. వెళ్ళలేదంది. వారంటు? లేదు. కోర్టు తీర్పు, పత్రికలో వార్త, లాఠీదెబ్బ తిన్నట్టు ఆసుపత్రి చీటీ, ఏదో ఒకటి? ఏదీ లేదు. అయితే ఏ ఆధారంతో వచ్చారని అతగాడు నవ్వాడు. చాయ్ తాగిన గ్లాసు ఎవరి దరఖాస్తుమీదో పెట్టి, ఆ గుండ్రటి మరక ఎండేలోపే ఇంకో గ్లాసు పెట్టే రకం.

"నేను దొరికితే కదా బాబూ కాగితం ఉండేది. నేను దొరకలేదు," అంది అత్త.

"అదేనమ్మా మీతో వచ్చిన ఇబ్బంది. సరిగ్గా దొరికిన వాళ్ళకైతే చిటికెలో అయిపోతుంది," అన్నాడు గుమాస్తా.

దొరక్కుండా పనిచెయ్యడమే ఆవిడ పని. అప్పటికి పంతొమ్మిదేళ్ళు. పెద్ద లాండ్రీలో ఉతికేది. ఆ లాండ్రీకే పోలీస్ స్టేషన్ బట్టలు వచ్చేవి, మంగళవారం ఒక మూట, శుక్రవారం ఒక మూట. అందులో జవాన్ల యూనిఫారాలు, ఇనస్పెక్టరు ఇంటి బట్టలు, వాటితోపాటు లాకప్పులో ఖైదీలు కప్పుకునే దుప్పట్లు. ఆ దుప్పట్ల అంచు కుట్టు విప్పి, చీటీ లోపల పెట్టి, మళ్ళీ కుట్టి, గంజి దట్టంగా పట్టించి ఇస్త్రీ చేసేది. ఉతికిన మూట స్టేషన్ లోపలికి మోసుకెళ్ళి అప్పజెప్పేదీ ఆవిడే. మామూలు గుడ్డలో కాగితం పెడితే నలిపినప్పుడు చప్పుడవుతుంది. గంజి గుడ్డ ఎలాగూ చప్పుడు చేస్తుంది, కాబట్టి తడిమినవాడికి తేడా తెలియదు. ఆ కిటుకు ఆవిడ సొంతం. లాకప్పులోంచి జవాబులూ అలాగే వచ్చేవి. నాలుగేళ్ళలో ఒక్క చీటీ కూడా పట్టుబడలేదు.

ఆవిడని ఆ పనిలో పెట్టినవాడు లెక్కల మాస్టారు. బళ్ళో పిల్లలకి భిన్నాలు చెప్పే మనిషి, పక్కవాడికి వినపడకుండా మాట్లాడే మనిషి. చదివిన చీటీ చదివినట్టే పొయ్యిలో వెయ్యమనేవాడు. పేర్లు రాయొద్దు, గుర్తులు దాచొద్దు, ఒకరి సంగతి ఇంకొకరికి చెప్పొద్దు. అత్త అన్నీ తు.చ. తప్పకుండా పాటించింది. అరవై ఏళ్ళ తరవాత ఆ బుద్ధిమంతురాలితనానికే సంజాయిషీ చెప్పుకోవాల్సి వస్తుందని ఎవరు కలగన్నారు!

ఏడోసారి వెళ్ళినప్పుడు గుమాస్తా ఒక దారి చూపించాడు. రికార్డు లేనివాళ్ళకి, గుర్తింపు పొందిన సమరయోధుడు ఒకరు 'ఈమె నాకు తెలుసు, ఈమె పనిచేసింది' అని రాసిస్తే చాలట. ఊళ్ళో బతికున్న సమరయోధుడు ఒక్కడే మిగిలాడు. పతకాలాయన. ప్రతి జెండా పండక్కీ కోటు నిండా పతకాలు గుచ్చుకుని మొదటి వరసలో కూర్చుంటాడు కాబట్టి ఆ పేరు. "అబ్బ, ఆయన ఫైలు చూస్తే కళ్ళు చల్లబడతాయమ్మా! స్టేషన్ పాత కాగితాలన్నీ తగలబడిపోయినా గేటు రిజిస్టరు ఒక్కటి మిగిలింది. అందులో ఆయన పేరు నలభై ఒక్కసార్లు ఉంది," అని గుమాస్తా పొంగిపోయాడు.

అత్త ఇంకో మాట వినకుండా లేచింది. గోడ పట్టుకుని మెట్లు దిగింది, ఆ మరకల గోడే, అయినా పట్టుకుంది.

పతకాలాయన ఎవరో ఆవిడకి బట్టల్ని బట్టి తెలుసు. ఆ రోజుల్లో లాండ్రీలో ప్రతి ఇంటికీ ఒక గుర్తు ఉండేది, చెరగని సిరాతో కాలరు లోపల వేసేవాళ్ళు. ఆయన ఇంటి గుర్తు మూడు చుక్కలూ ఒక గీతా. వేసింది అత్తే. ఆయన లాకప్పులో చిత్రహింసలు పడుతున్నాడని ఊరంతా కన్నీళ్ళు పెట్టుకుంటున్న నెలల్లో, మూడు చుక్కల చొక్కాలు ఇనస్పెక్టరు ఇంటి బట్టల్లో కలిసి వచ్చాయి. లాకప్పు బట్ట ఎలా ఉంటుందో ఉతికినవాళ్ళనే అడగాలి. చీము, నెత్తురు, ఉచ్చ కంపు, కుట్టు కుట్టుకీ పేలు. ఈ చొక్కాలకి అత్తరు వాసన, సారా వాసన. ఒక చొక్కా జేబులో కోడి ఎముక కూడా దొరికింది.

ఆ శుక్రవారమే మాస్టారికి చెప్పింది. తొందరపడి ఒక మనిషిమీద నింద వెయ్యకూడదమ్మా, నేను కనుక్కుంటాను, అన్నాడు. కనుక్కోవడానికి వెళ్ళాడు. ఆదివారం పట్టుకుపోయారు. మంగళవారం స్టేషన్ మూటలో మాస్టారి చొక్కా వచ్చింది. వీపంతా గట్టిపడిపోయి, అట్టలా ఉంది. యజమాని పక్కనే నిలబడ్డాడు, మూట తెచ్చిన జవాను గుమ్మంలో ఉన్నాడు. అనుమానం రాకూడదు. చల్లనీళ్ళలో నానబెట్టింది, సోడా వేసింది, రుద్దింది, మరక పోయేదాకా ఉతికింది. ఆయన్ని చంపారనడానికి ఈ లోకంలో మిగిలిన ఒకే ఒక్క సాక్ష్యాన్ని తన చేత్తో తనే తెల్లగా చేసి, మడతపెట్టి పంపింది. ఆ సంగతి ఆవిడ ఇప్పటిదాకా ఎవరితోనూ అనలేదు.

ఇంటికొచ్చాక మేనల్లుడి భార్య అంతా విని, ఆయన ఎలాంటివాడైతే మనకెందుకత్తయ్యా, ఒక్క సంతకమే కదా, మీరేం ఆయనకి పిల్లనిస్తున్నారా అంది. నెలాఖరు ఎనిమిది రోజుల్లో ఉందని కూడా గుర్తుచేసింది. ఆ పిల్ల తప్పేం మాట్లాడలేదు. రోజూ అత్త మంచం దాటుకుంటూ వేడినీళ్ళు మోసేది ఆ పిల్లే మరి. మర్నాడు ఇద్దరూ పతకాలాయన ఇంటికి వెళ్ళారు.

ముందుగది నిండా ఫొటోలు, ప్రతి ఫొటోలోనూ ఆయనే. ఎనభై ఎనిమిదేళ్ళొచ్చినా బుగ్గలు నిగనిగలాడుతున్నాయి. కుర్చీ చేతులమీద, గాజు బల్లమీద వేళ్ళ జిడ్డు. రా చెల్లెమ్మా అని రెండు చేతులూ పట్టుకుని కూర్చోబెట్టాడు. ఆ చేతులు మెత్తగా, చెమటగా ఉన్నాయి. అత్త తన చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఒకదాంతో ఒకటి తుడుచుకుంటూనే ఉంది. సర్టిఫికెట్టు అడగడమే ఆలస్యం, ఆయన సొరుగులోంచి టైపు చేసిన కాగితం తీశాడు. అప్పటికే తయారుగా ఉంది! గుమాస్తా ఫోన్ చేసి చెప్పాడట. అందరూ ఎంత చురుగ్గా ఉన్నారో చూడండి, చురుగ్గా ఉండకూడని చోట.

సంగతేమిటంటే, దొంగ సమరయోధుల్ని ఏరెయ్యడానికి పైనుంచి విచారణాధికారి ఒకడు దిగాడు. పై ఆఫీసు పాత కాగితాల్లో స్టేషన్‌కి రహస్యాలు మోసిన మనిషొకడు ఉన్నట్టు తేలిందట, పేరు మాత్రం లేదు. ఆ పేరు తేల్చి ఫైలు మూసెయ్యాలి. అందుకని పతకాలాయనకీ ఒక సాక్షి కావలసి వచ్చింది. కాగితం ఆయనే చదివి వినిపించాడు. లాకప్పులో ఉన్న తన నాయకత్వంలో ఈమె చీటీలు చేరవేసిందని మొదటి ముక్క. అంతవరకూ అత్త పళ్ళు బిగించి విన్నది. రెండో ముక్క, పోలీసులకి సమాచారం ఇచ్చింది లెక్కల మాస్టారని, ఆ సంగతి తమ ఇద్దరికీ స్వయంగా తెలుసునని.

"మాస్టారా?" అంది అత్త.

"పోయినవాడు కదమ్మా. పెళ్ళీ పెటాకులూ లేనివాడు, ముందూ వెనకా ఎవరూ లేరు. అడిగేవాడెవడు? ఎవరికీ నష్టం లేదు," అన్నాడు పతకాలాయన, బిస్కట్ల పళ్ళెం ముందుకు జరుపుతూ.

అలా అన్నప్పుడు ఆ ముఖంలో సిగ్గు లేదు, భయమూ లేదు. తన చొక్కాలు ఉతికింది ఈవిడే కాబట్టి, ఈవిడకి తెలుసని ఆయనకి తెలుసు. ఆ తెలియడమే ఆయన బేరానికి పెట్టాడు. అత్తకి ఒళ్ళు మండిపోయింది. చెంప పగలగొట్టాలనిపించింది. కానీ పగలగొట్టలేదు, ఎందుకంటే ఆ క్షణంలో ఆవిడ కళ్ళముందు గడియ ఉన్న తలుపు కూడా కదిలింది. దాన్ని చూసి తనమీద తనకే అసహ్యం వేసింది. విచారణలో చెప్తానని లేచి బయటికొచ్చింది. దారి పొడవునా మేనల్లుడి భార్య నచ్చజెప్తూనే ఉంది.

విచారణ సోమవారం, అదే మూడో అంతస్తులో. అధికారి నెమ్మదస్తుడు, మాటకి ముందు అమ్మా, వెనక అమ్మా. అతని పక్కన గుమాస్తా, ఎదురుగా కోటూ పతకాలతో ఆయన. అత్త పక్కన మేనల్లుడి భార్య. అధికారి కాగితం చదివి, ఇది నిజమేనా అని అడిగాడు. నిజమంటే అయిపోయేది. రెండక్షరాలు కూడా అక్కర్లేదు, తల ఊపినా చాలు.

"మొదటిది సగం నిజం, రెండోది పచ్చి అబద్ధం. మాస్టారు కాదు బాబూ. చెప్పింది ఈయనే," అంది అత్త.

మేనల్లుడి భార్య మోచేయి గిల్లింది. ఎలా తెలుసని అధికారి అడిగితే అత్త చొక్కాల సంగతి, గుర్తు సంగతి, అత్తరు వాసన సంగతి వరసగా చెప్పింది. గుమాస్తా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వాడు. పతకాలాయన మటుకు బాధపడుతున్నట్టు తల ఊపాడు, పెద్దతనం వస్తే అంతే, పాపం, అని. అరవై ఏళ్ళనాటి చొక్కా వాసనని ఫైల్లో ఎక్కడ పెట్టమంటారమ్మా అని అధికారి మర్యాదగానే అడిగాడు.

అప్పుడు అత్తకి తట్టింది. గేటు రిజిస్టరు ఉందన్నారు కదా, అందులో తన పేరు కూడా ఉండాలి! ప్రతి మంగళవారం, ప్రతి శుక్రవారం కాపలా జవాను ఆవిడ పేరు రాసుకున్నాకే మూటతో లోపలికి వదిలేవాడు. చూడమంది. గుమాస్తా విసుక్కుంటూ ఆ లావుపాటి పుస్తకం తెచ్చాడు. చెమ్మకి ఉబ్బి, బొద్దింకల కంపు కొడుతోంది. నాలుగు పేజీలు తిప్పాడో లేదో, దొరికింది. ఆవిడ పేరు, తండ్రి పేరు, తేదీ. తరవాతి పేజీలోనూ ఉంది. ఆ తరవాతా ఉంది. మూడు వందల పైచిలుకు చోట్ల ఉంది. అత్త కళ్ళద్దాలు సర్దుకుని, వంగి, ఆ పాత సిరామీద వేలు పెట్టింది. ఎనిమిదిసార్లు ఎక్కిన మెట్లు ఒక్కసారిగా దిగినంత తేలికయింది ప్రాణం. "ఉన్నాను బాబూ, నేనున్నాను ఇందులో," అంది.

అధికారి చాలాసేపు పేజీలు తిప్పాడు. తరవాత కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. పెద్దాయన పేరు ఎదురుగా నలభై ఒక్కసార్లు 'లోపలికి' అని ఉంది, 'బయటికి' అని ఒక్కసారీ లేదు, కాబట్టి ఆయన నిర్బంధంలో ఉన్నట్టు. ఈవిడ పేరు ఎదురుగా ప్రతిసారీ 'లోపలికి', ఆ వెంటనే 'బయటికి'. వారానికి రెండుసార్లు స్టేషన్‌కి తనంతట తను వచ్చి, పని చూసుకుని, ఏ ఆటంకమూ లేకుండా వెళ్ళిపోయిన మనిషి పుస్తకం మొత్తానికి ఈవిడ ఒక్కతే.

"అంటే... ఆ సమాచారం మోసిన మనిషి మీరే అయి ఉండాలమ్మా," అన్నాడు.

అత్తకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక, బల్ల అంచు పట్టుకుని, నెమ్మదిగా, చిన్నపిల్లలకి చెప్పినట్టు చెప్పింది. బయటికి రాకుండా ఒక మనిషి నలభై ఒక్కసార్లు లోపలికి ఎలా వెళ్తాడు? ముందు గేటునుంచి తీసుకెళ్ళి, వెనక గేటునుంచి ఇనస్పెక్టరు బంగళాకి పంపేవాళ్ళు. ఇంత చిన్న లెక్క మీకెవరికీ తట్టలేదా?

గుమాస్తా, అధికారి ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. తట్టిందని ఆ చూపులోనే తెలుస్తోంది. కానీ వెనక గేటుకి రిజిస్టరు లేదు. రిజిస్టరు లేని గేటు గురించి తానేమీ అనలేనన్నాడు అధికారి. పైగా పెద్దాయనకి పతకాలిచ్చింది సాక్షాత్తూ ప్రభుత్వమే. ఇప్పుడు వాటిని ఊడబెరకమని రాస్తే ముందు ఊడేది తన ఉద్యోగం. ఈ చివరి మాట అతను పైకి అనలేదు, అననక్కర్లేదు.

అతను తలుపు వెయ్యమని గుమాస్తాకి చెప్పి, గొంతు తగ్గించాడు. ఫైలు ఈ నెలలో మూసెయ్యాలి, దాంట్లో ఒక పేరు పడాలి. ఆ కాగితంలో ఉన్నట్టే మాస్టారి పేరు పడితే, ఈ రిజిస్టరు సంగతి ఎవరూ ఎత్తరు, రేపే పింఛను మంజూరు చేస్తాడు. లేదూ మాస్టారు కాదంటే, రికార్డు ప్రకారం మిగిలేది ఈవిడే. బాగా ఆలోచించుకుని చెప్పమన్నాడు. పతకాలాయన కూడా, ఆలోచించుకో చెల్లెమ్మా, అన్నాడు. ఎంత ప్రేమో!

మేనల్లుడి భార్య చెవి దగ్గర గుసగుసలాడింది, సరేననండి అత్తయ్యా, మీ కాళ్ళు పట్టుకుంటాను అని. అత్త ఆ గదిని ఒకసారి కలయజూసింది. గోడకి జాతినాయకుల పటాలు, వాటి వెనకనుంచి రాలుతున్న దుమ్ము. ఫైళ్ళమీద చాయ్ మరకలు. కోటుమీద మెరుస్తున్న ఇత్తడి. నాలుగేళ్ళు ప్రాణం అరచేతిలో పెట్టుకుని తిరిగింది వీళ్ళ కోసమా అనిపించింది. ఏడుపు రాలేదు, రోత పుట్టింది. ఆవిడ జీవితంలో చూసిన మూటలన్నిటిలోకీ మురికి మూట ఈ గదే.

"నా పేరు పడితే, మాస్టారి పేరు అన్ని కాగితాల్లోంచీ తీసేస్తారా?" అని అడిగింది.

"ఒక్కరి పేరు చాలమ్మా."

"అయితే నాది రాసుకోండి."

తెలిసే అంటున్నారా అని అధికారి రెండుసార్లు అడిగాడు. ఇంక ఈ జన్మలో పింఛను అన్నమాట ఉండదని, ఆ సంగతి ఊళ్ళో అందరికీ తెలిసిపోతుందని కూడా చెప్పాడు. తెలుసంది. గుమాస్తా రాశాడు, అధికారి చదివి వినిపించాడు, అత్త మాస్టారి పేరు ఎక్కడా లేదని రెండోసారి చదివించుకుని మరీ సంతకం పెట్టింది. పతకాలాయన కుర్చీలోంచి లేచి, మహా ఊరటగా ఊపిరి వదిలి, నీది గొప్ప మనసు చెల్లెమ్మా అంటూ భుజంమీద చెయ్యి వెయ్యబోయాడు. అత్త ఆ చేతిని మణికట్టు దగ్గర పట్టుకుని, చెత్త తీసి పక్కన పడేసినట్టు పక్కకి తీసేసింది. గుమాస్తా ముద్ర కొట్టి నకలొకటి ఆవిడ చేతికిచ్చి, జాగ్రత్తగా పెట్టుకోమన్నాడు.

మొదటి మలుపుదాకా మేనల్లుడి భార్య విసవిసా ముందు నడిచింది. అక్కడ ఆగి, ఆ ఉమ్ముల గోడ పక్కనే కూలబడి ఏడ్చింది. మీకేమైనా పిచ్చా అత్తయ్యా, ఆయన ఎప్పుడో పోయారు, మట్టిలో కలిసిపోయిన మనిషికి పేరేంటి, పరువేంటి అంది. ఇప్పుడు వీధిలో పిల్లలు కూడా మిమ్మల్ని చూసి ఉమ్ముతారే అంది.

అత్త ఆ పిల్ల చెయ్యి పట్టుకుని లేపింది.

"ఉమ్మనీ అమ్మాయ్. నేనింకా బతికే ఉన్నాను, ఎవరేమన్నా నాకు నోరుంది, జవాబు చెప్పుకుంటాను. ఆయనకి నోరేదీ?" అంది, ఇంకా రెండు అంతస్తులు దిగాలి కాబట్టి ఆ పిల్ల భుజం ఆసరా అడిగింది.